మెడ లేకపోతే సీటు లేదు

చిన్నపిల్ల గీసిన మనిషి బొమ్మ చూసి ఆ పిల్ల ఒకటో తరగతికి పనికొస్తుందో లేదో తేల్చేసే పద్ధతికి నేను వీరాభిమానిని! పిల్లతో మాట్లాడాలా, ఆడించాలా? ఎందుకండీ అంత శ్రమ? కాగితం ఇవ్వండి, పెన్సిల్ ఇవ్వండి, గీసిన బొమ్మకి వేళ్ళు లెక్కపెట్టండి. అయిపోయింది!

నన్నడిగితే ఈ టెస్టు పెద్దలకూ పెట్టాలి. మా మేనేజరు తల ఒక్కటే గీసి ఊరుకుంటాడు. కాళ్ళూ చేతులూ మేమే కదా!

మా అమ్మాయికి ఐదున్నరేళ్ళు. అది నానమ్మని గీసింది. ఇంత పెద్ద ఒడి, పైన చిన్న తలకాయ, అంతే. చెవుల్లేవు. మెడ అసలే లేదు. మెడకి ఒక మార్కు, చెవులకి రెండు అని స్కూలు వాళ్ళు ఇచ్చిన కాగితంలో స్పష్టంగా ఉంది. నాకు చెమటలు పట్టాయి.

"మెడేదే?"

"నానమ్మ నన్ను ఎత్తుకుంటే కనపడదు నాన్నా."

ఈ సాకులు టీచరు దగ్గర చెల్లుతాయా? ఆ రోజే కోచింగ్ మొదలుపెట్టాను. ముందు నేను నేర్చుకోవాలిగా! ఆఫీసులో ఫైలు చాటున రోజూ మనుషుల్ని గీశాను. మెడ కుదరడానికి మూడు రోజులు పట్టింది. వేళ్ళు ఇప్పటికీ వంకాయల్లాగే వస్తాయి.

"పరీక్ష పిల్లకా, మీకా?" అంది మా ఆవిడ.

"మెడ విషయంలో రాజీ లేదు!" అన్నాను.

పన్నెండు రోజులు పిల్ల గీసింది, నేను చెరిపాను. మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపాను. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. కన్నీళ్ళకి మార్కుల్లేవు కాబట్టి పట్టించుకోలేదు.

పరీక్ష రోజు రెండు నిమిషాల్లో గీసేసింది. మెడ, చెవులు, పది వేళ్ళు, నాలుగు గుండీలు! టీచరు అన్నిటికీ టిక్కు పెడుతుంటే నేను కుర్చీలో రెండంగుళాలు పెరిగాను.

"ఎవరమ్మా ఈయన? మీ నాన్నా?" అని ముద్దుగా అడిగింది టీచరు.

"కాదు టీచర్. ఎవరూ కాదు. పరీక్ష మనిషి."

టీచరు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. అయినా సీటొచ్చింది!

కాబట్టి పాఠకులారా, ఈ పద్ధతికి తిరుగు లేదు. మా అమ్మాయి ఇప్పుడు బడికి పూర్తిగా సిద్ధం. నిన్న కొత్త క్రేయాన్లు కొనిచ్చి, నీ ఇష్టమొచ్చింది గీసుకోమ్మా అని బతిమాలాను.

"పరీక్ష అయిపోయిందిగా నాన్నా," అని పెట్టె మూత పెట్టేసింది.