గురువారం ప్రమాదానికి సోమవారం నివేదిక

గురువారం జరగబోయే ప్రమాదం మీద విచారణ నివేదిక, ఆ విమానాశ్రయంలో ఎప్పటిలాగే, సోమవారమే వచ్చింది. సామాను బళ్లు లాగే ట్రాక్టరు డ్రైవరు దాలినాయుడు దాన్ని క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ చదివాడు. ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు అతని అజాగ్రత్త వల్ల ట్రాక్టరు ఆగి ఉన్న విమానం మీదికి దూసుకుపోయిందని, మధ్యలో ఉన్న లోడరు అప్పలకొండ ఎడమకాలు నలిగిపోయిందని రాశారు. బ్రేకులు సక్రమంగా ఉన్నాయట.

పందొమ్మిదేళ్లలో దాలినాయుడు ఏ విమానానికీ గీత కూడా పడనివ్వలేదు. బ్రేకులు పట్టడం లేదని మాత్రం మూడుసార్లు రాసిచ్చాడు. చెయ్యి కడుక్కుని తిన్నగా విచారణాధికారి హైమవతి గారి గదికి వెళ్లాడు.

"బ్రేకులు బాగు చేయించెయ్యండమ్మా. ఇంక ప్రమాదమే అవ్వదు కదా," అన్నాడు.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించారు. "బాగానే ఉన్నాయని నివేదికలో ఉంది దాలినాయుడూ. బాగున్నవాటిని బాగు చెయ్యమని ఎలా రాయను?"

"పోనీ, కొండగాడికి ఆ రోజు సెలవివ్వండి."

"గాయపడ్డ మనిషి డ్యూటీలో ఉండి తీరాలి."

"అయితే ఆడి కాలు బదులు నా కాలు రాయండి."

ఆవిడ సవరణ ఫారం తీసి ఓపిగ్గా చూశారు. ఎడమకాలిని కుడికాలుగా మార్చడానికి గడి ఉంది. మనిషిని మార్చడానికి లేదు.

గురువారం దాలినాయుడు ట్రాక్టరును షెడ్డు పక్కనే ఉంచి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, దాని ముందే బైఠాయించాడు. పది కావస్తుండగా అప్పలకొండ వచ్చాడు. ఉతికిన యూనిఫాం వేసుకున్నాడు. ఎడమకాలి బూటు పాడవకుండా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"లెగు మావా. ఆస్పత్రిలో మంచం రాసేసినారు. మా ఇంటిది క్యారేజీ కూడా అట్టుకెళ్లిపోనాది. నువ్విలా కూకుంటే అందరికీ ఆలీసమైపోద్ది."

"కాలు పోద్దిరా."

"సదివాను." అప్పలకొండ వంగి దిమ్మలు ఒక్కొక్కటే తీశాడు. "నీ తప్పని ఆళ్లు రాసినారు గానీ, నేననుకోను. అది సాలదేటి?"

దాలినాయుడు కళ్లు తుడుచుకుని ట్రాక్టరెక్కాడు. విమానం దగ్గర ప్రాణమంతా కాలిలోకి తెచ్చుకుని బ్రేకు తొక్కాడు.

సాయంత్రం హైమవతి గారు ఆస్పత్రికి బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కనున్న దాలినాయుడి చేత నివేదిక మీద సంతకం పెట్టించుకుని, నిమిషం కూడా తేడా రాలేదని మెచ్చుకున్నారు.

"వచ్చే వారందీ వచ్చేసింది," అన్నారు వెళ్తూ. "అందులో నీ పేరు లేదులే."

దాలినాయుడు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఎవరి పేరుందో అడగలేదు.