మధ్య అర మీద పందెం

లేత్ మేస్త్రికి లోకంలో ఒక్కడి మీదే కోపం. ఆ ఒక్కడూ భార్యకు తమ్ముడు కావడం వల్ల ఆ కోపాన్ని ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని కాఫీ ఇవ్వాల్సి వచ్చేది. బావమరిది తూనికలు కొలతల ఆఫీసులో ఇనస్పెక్టరు. కొట్లలో తక్కెళ్ళు సరిగ్గా ఉన్నాయో లేవో చూసి ముద్ర వేయడం అతని ఉద్యోగం. చుట్టాల ఇళ్ళకు వచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. కనపడిన ప్రతిదాన్నీ మనసులోనే తూచి, దీని సంగతి ఇంతే అని ముద్ర కొట్టి గాని లేవడు.

ఆర్నెల్ల కిందట ఆ ముద్ర మేస్త్రి కత్తుల మీద పడింది.

మేస్త్రి దగ్గర ఇరవై మూడు మడత కత్తులున్నాయి. ముందు గదిలో, అద్దాల తలుపులున్న గోడ అలమరలో, కంటికి సరిగ్గా ఎదురుగా ఉండే మధ్య అరలో నీలం గుడ్డ పరిచి వాటిని వరసగా పడుకోబెట్టాడు. ఒక్కోదానికీ ఓ నంబరు. ఏ నంబరు ఏ స్టీలు, పదును ఎన్నాళ్ళు నిలిచింది, తుప్పు పట్టిందా లేదా, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి జీవితంలో రాసిన పుస్తకం అదొక్కటే.

బావమరిది ఆ రోజు ఒక కత్తి తీసి, తెరిచి, మూసి, పెదవి విరిచాడు.

"అన్నీ ఇనుమే కదా బావా! తెగితే కత్తి, తెగకపోతే రేకు. అంతకు మించి ఏముంది ఇందులో?"

"స్టీలుకీ స్టీలుకీ తేడా ఉంటుందోయ్. కార్బన్ స్టీలు వేరు, స్టెయిన్‌లెస్ వేరు. ఇదిగో, ఇది పౌడర్ స్టీలు. స్టీలుని పొడి చేసి, మళ్ళీ వేడి మీద నొక్కి దిమ్మ చేస్తారు. దీని పదును చావదు."

"మా అక్క కూరగాయల కత్తి ముందు ఇవన్నీ దిగదుడుపే. కెమిస్ట్రీ చదివినవాణ్ణి, చెబుతున్నా విను."

ఆ 'చదివినవాణ్ణి' దగ్గరే మేస్త్రికి ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా లేత్ మీద ఇనుము చెక్కుతున్నవాడికి ఇనుము గురించి పుస్తకంలో చూసినవాడు చెప్పడమా!

"అయితే పందెం," అన్నాడు.

"పందెమే. నీ కత్తి గెలిస్తే స్టీలు మాట నేను జన్మలో ఎత్తను. అక్క కత్తి గెలిస్తే ఆ మధ్య అర అక్కకి ఇచ్చెయ్యి. ఎన్నాళ్ళనుంచి అడుగుతోంది పాపం."

అది నిజమే. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. "నా సామాను పెట్టుకోడానికి ఓ అర ఇద్దురూ" అని పన్నెండేళ్ళుగా అడుగుతోంది. మేస్త్రి ప్రతిసారీ "చూద్దాంలే" అన్నాడు. ఏం సామాను అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

పందెం ఆర్నెల్లు నానింది. చివరకు ఒక ఆదివారం ముహూర్తం కుదిరింది. ఆ ఉదయం మేస్త్రి తెల్లటి చొక్కా వేసుకుని, వరండాలో బల్ల వేసి, తన ఇరవై మూడింటిలోంచి ఏరిన నాలుగు కత్తులూ, వంటింటి కత్తీ పక్కపక్కన పేర్చాడు. పద్ధతి వారం ముందే అనుకున్నారు. ప్రతి కత్తితో జనపనార తాడు ముక్కలు ముక్కలుగా కోయాలి. పది కోతలకోసారి న్యూస్‌పేపరు మీద పెట్టి లాగాలి. కాగితం సాఫీగా తెగినంతకాలం కత్తి బతికున్నట్టు. పీలికలైందా, ఆ కత్తి పని అయిపోయినట్టు.

పోటీ న్యాయంగా ఉండాలని బావమరిది అన్ని కత్తులనూ ఒకే రాయి మీద మేస్త్రి చేతే నూరించాడు. నాలుగు కత్తులు అరగంటలో తయారయ్యాయి. కూరగాయల కత్తి మాత్రం మొండికేసింది. పిడికి ఎర్రటి గుడ్డపేలిక చుట్టిన, సన్నగా అరిగిపోయిన ఆ కత్తి ఎంత రుద్దినా రాయి మీద జారుతుందే గాని అరగదు. మేస్త్రి ఎలాగో పదును తెప్పించి, చెమట తుడుచుకుని, "నాసిరకం సరుకు ఇలాగే ఏడిపిస్తుంది," అని తేల్చేశాడు.

"అక్కేదీ?" అన్నాడు బావమరిది.

"వీధి చివర బ్యాంకు మేడమ్ ఇంటికెళ్ళింది, చేతుల కొలత సరిచూడ్డానికి. మనకి అడ్డం ఉండదు. ఉండు, తాడు తెస్తా."

పెరట్లోకి వెళ్ళిన మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. ప్రత్యేకంగా కొని తెచ్చిన ఇరవై మీటర్ల తాడు ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టి ఉంది. దాని మీద కుట్టబోయే ముందు తడిపి ఆరేసిన గుడ్డలు, కనీసం ఒక డజను, నీళ్ళోడుతున్నాయి. ఖాతాదారుల గుడ్డ మీద వేలేస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అతనికి అనుభవం. అడుగులో అడుగేసుకుంటూ వెనక్కొచ్చేశాడు.

"తాడు తడిసింది. తడి తాడు లెక్కలోకి రాదు."

"వాయిదానా?" బావమరిది నవ్విన తీరుకి మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాయిదా ఏం లేదు! అట్ట కోద్దాం. తాడు కంటే అట్టే గట్టి పరీక్ష. అట్ట కత్తిని తొందరగా తినేస్తుంది."

అట్ట కోసం ఇల్లంతా గాలించాడు. కుట్టు మిషను కింద గోనెపట్టాలో చుట్టి, ముడివేసి, మోకాలెత్తున ఓ కట్ట కనిపించింది. విప్పితే అన్నీ మందపాటి అట్టముక్కలే. ఒకటి వంకర, ఒకటి సగం చంద్రుడిలా, ఒకటి పొడుగ్గా. మేస్త్రి ముఖం వెలిగిపోయింది.

"చూశావా, మీ అక్క చెత్త కూడా దాచిపెడుతుంది. ఇవాళ ఇల్లు కూడా శుభ్రమవుతుంది."

"వీటి మీద అంకెలేంటి బావా? ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు, ఇదేమో పద్నాలుగున్నర."

"డబ్బాల నంబర్లు అయ్యుంటాయి."

"ఏదైతేనేం, మన పని తేలిక," అంటూ బావమరిది జేబులోంచి ఆఫీసు టేపు తీశాడు. ప్రతి అట్టముక్క మీదా అంగుళానికో గీత గీశాడు. ఎంత బాగా గీశాడంటే, ఆ రోజుకు సంబంధించి పద్ధతి ప్రకారం జరిగిన పని అదొక్కటే.

పోటీ మొదలైంది. మామూలు స్టెయిన్‌లెస్ అరవై కోతలకే కాగితాన్ని పీకడం మొదలుపెట్టింది.

"దీని పని అయిపోయింది. పక్కన పడెయ్యి!" అని అరిచాడు బావమరిది.

గట్టి స్టెయిన్‌లెస్ నూట నలభై దాకా లాగింది. కార్బన్ స్టీలు నూట తొంభై. పౌడర్ స్టీలు చేతిలోకి రాగానే మేస్త్రి భుజాలు నిటారయ్యాయి. రెండు వందలు దాటింది. రెండు వందల యాభై దాటింది. బావమరిది లెక్క పెట్టే గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

"ఇవాళ నీదో నాదో తేలిపోవాలి!" అన్నాడు మేస్త్రి రొప్పుతూ.

"కొయ్యి బావా, ఆగకు, కొయ్యి! ఇంకా ప్రాణం ఉంది దీనికి!"

ఎదురింటి మేడ మీద పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. వరండా పిట్టగోడ అడ్డం వల్ల ఆయనకు బల్ల కనిపించలేదు, అట్ట కనిపించలేదు. కనిపించినవి చెమటలు కారుతున్న రెండు తలలు, లేస్తూ దిగుతూ ఒక కత్తి. వినిపించింది పైన చెప్పిందంతా. నీళ్ళ డబ్బా చేత్తో అలాగే పట్టుకుని ఆయన వీధి చివరకు పరుగెత్తారు.

"అమ్మాయ్! మీ ఆయనా మీ తమ్ముడూ కత్తులు తీశారు! ఒకటి అప్పుడే అయిపోయిందట, పక్కన పడేశారు!"

"ఏంటండీ అయిపోయింది?"

"పిట్టగోడ అడ్డం వచ్చిందమ్మా, చూళ్ళేదు!"

ఇక్కడ వరండాలో పౌడర్ స్టీలు మూడు వందల పది దగ్గర ఆగింది. మేస్త్రి దాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇక నవ్వుతూ ముగించేద్దామని కూరగాయల కత్తి అందుకున్నాడు. నూరు దాటింది. మేస్త్రి పట్టు మార్చాడు. రెండు వందలు దాటింది. బావమరిది లెక్క జోరందుకుంది, మేస్త్రి కోత నెమ్మదించింది. మూడు వందలు. కాగితం సాఫీగా తెగింది. మూడు వందల పది. మేస్త్రి కావాలని కొంచెం పక్కకు లాగినా సాఫీగానే తెగింది.

"మూడు వందల ఇరవై! బావా, అర పోయింది!"

సరిగ్గా అప్పుడు గేటు ధడేలున తెరుచుకుంది. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులతో భార్య. ఆమె వెనక ఒక చెయ్యి మాత్రమే కుట్టిన కొత్త రవికెతో బ్యాంకు మేడమ్. ఆమె వెనక నీళ్ళ డబ్బాతో పోస్టుమాస్టరు గారు. ఆయన వెనక ఏం జరిగిందో తెలియని నలుగురు.

భార్య ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఎక్కడా రక్తం లేదు. గుండుసూదులు నోట్లోంచి తీసి ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఆమె చూపు నేల మీదకు దిగింది. వరండా నిండా అట్ట పీలికలు.

ఆమె వంగి ఒక పీలిక తీసింది. దాని మీద సగం తెగిన అంకె ఒకటుంది.

"ఇది మేడమ్ గారి మెడ," అంది నెమ్మదిగా.

బ్యాంకు మేడమ్ చెయ్యి తన మెడ మీదకు పోయింది.

"ఇది పోస్టుమాస్టరు గారి చొక్కా భుజం. ఇది మన వీధి మొత్తం చేతులు. ఏవండీ... నా కొలతల అట్టలు! పన్నెండేళ్ళనుంచి ఒక్కొక్కరి ఒళ్ళు కొలిచి, గీసి, కత్తిరించి దాచుకున్నవి! ఇవి పరిచి చుట్టూ గీసుకుంటేగాని నేను గుడ్డ మీద కత్తెర పెట్టను!"

మేస్త్రి కత్తిని బల్ల మీద పెట్టేశాడు. బావమరిది మెల్లిగా ఆఫీసు టేపు జేబులోకి తోసేసుకున్నాడు.

"డబ్బాల నంబర్లన్నాడక్కా బావ."

"నువ్వు గీతలు గీశావు కదరా, కొలతల ఇనస్పెక్టరూ! నడుం కొలతకీ డబ్బా నంబరుకీ తేడా తెలీదూ?"

పోస్టుమాస్టరు గారు పరిస్థితిని చల్లబరుద్దామని, "పోనీలే అమ్మా, మనుషులు దక్కారు," అన్నారు. ఎవరూ ఆయన వంక చూడలేదు.

"ఇంతకీ ఎందుకు కోశారు?" అంది భార్య.

బావమరిది గబగబా పందెం సంగతంతా చెప్పాడు. చివర్లో, "నీ కత్తే గెలిచిందక్కా! ఇంకా చావలేదు చూడు. నేను చెప్పలేదూ, స్టీలు లేదూ వంకాయ లేదూ, అంతా భ్రమ!" అన్నాడు.

భార్య కూరగాయల కత్తి తీసుకుంది. ఏదో గుర్తొచ్చినట్టు మొగుడి ముఖంలోకి చూసింది. అప్పుడు ఆమె కోపానికి ఎక్కడో ఒక కుట్టు ఊడింది.

"మీకు నిజంగా గుర్తులేదా?" అంటూ పిడికి చుట్టిన ఎర్ర పేలిక విప్పింది.

కింద నల్లటి చెక్క పిడి. దానికి లేత్ మీద తిప్పిన రెండు ఇత్తడి మేకులు. ఒక మేకు తల మీద, అంకెల పంచ్‌తో కొట్టిన ఒక గుర్తు. ఒకటి.

"పెళ్ళైన కొత్తలో మీరు చేసిచ్చిందే కదండీ. షాపులో ఇనుప కడ్డీలు కోసే మిషను రంపం బ్లేడు విరిగిపోతే, ఆ ముక్క ఇంటికి తెచ్చి వారం రోజులు నూరారు. 'నా మొదటి కత్తి, నంబరు కూడా కొట్టా' అన్నారు. చెక్క చెయ్యి ఒరుసుకుంటోందని నేనే గుడ్డ చుట్టాను. ఇరవై రెండేళ్ళయింది."

మేస్త్రి కత్తి అందుకుని వెలుగులో తిప్పాడు. చిన్నగా మొదలైన నవ్వు ముఖమంతా పాకింది. బావమరిది వైపు తిరిగాడు.

"విన్నావుటోయ్, కెమిస్ట్రీ? మిషను రంపం బ్లేడు! హై స్పీడ్ స్టీలు! ఇనుమునే కోసే స్టీలు అది. ఎర్రగా కాలినా మెత్తబడదు. అందుకే రాయి మీద అంత మొండికేసింది! స్టీలుకీ స్టీలుకీ తేడా లేదన్నావు. ఇదిగో తేడా. నేనే గెలిచా!"

"ఎలా గెలిచావ్? కూరగాయల కత్తి గెలిస్తే అర అక్కకి అన్నాం. గెలిచింది కూరగాయల కత్తి."

"చేసింది నేను!"

"వాడింది అక్క. పందెం పందెమే బావా."

వీధి జనం రెండుగా చీలిపోయేలా ఉన్నారు. ఒకే చెయ్యి ఉన్న రవికెతో నిలబడిన బ్యాంకు మేడమ్ తీర్పు చెప్పింది. "వాదన మీరు గెలిచారు. అర ఆవిడ గెలిచింది. ఇక నా రెండో చెయ్యి సంగతి ఎవరైనా చూడండి."

ఆ నెల ప్రతి సాయంత్రం మేస్త్రి ఇంట్లో ఒకటే పని. భార్య కొత్త అట్టల మీద వీధి వాళ్ళ మెడలూ భుజాలూ మళ్ళీ కొలిచి గీస్తుంది. మేస్త్రి కోస్తాడు. ఒంపుల దగ్గర కార్బన్ స్టీలు బాగా తిరుగుతుందనీ, పొడుగు కోతలకు రంపం బ్లేడుకి సాటి లేదనీ పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకంలోనే మొదటి పేజీలో ఉన్న ఒకటి కొట్టేసి, రెండు చేసి, అలా చివరిదాకా అన్ని నంబర్లూ దిద్దాడు. ఇప్పుడు అతని దగ్గర ఇరవై నాలుగు కత్తులున్నాయి. ఒకటో నంబరు వంటింట్లో ఉంటుంది. కావాలంటే అడిగి తీసుకోవాలి. వాడి తిరిగి ఇచ్చేటప్పుడు కడిగివ్వాలి.

అర అప్పగింత కూడా పద్ధతి ప్రకారమే జరిగింది. బావమరిది ఆఫీసు టేపుతో కొలిచాడు. పొడుగు ముప్ఫై ఎనిమిది అంగుళాలు, లోతు పదకొండున్నర. వెరసి మూడు చదరపు అడుగుల అయిదు చదరపు అంగుళాలు. అట్టలన్నీ సర్దాక భార్య ఒక మూల చిన్న నీలం గుడ్డ ముక్క పరిచి, "ఇక్కడ మీదొకటి పెట్టుకోండి," అంది. మడిచిన కత్తి ఒకటి, నాలుగంగుళాల పొడుగు, అంగుళంపావు వెడల్పు, అక్కడ సరిగ్గా పట్టింది.

కాబట్టి మేస్త్రి పోగొట్టుకున్నది సరిగ్గా మూడు చదరపు అడుగులు.