సభ్యులకే ముందు కోడి

ఆ ఉదయం ఓక్ బున్రే పెట్టుకున్న పని చిన్నదే. ఊరి స్నానశాలకు వెళ్లి, వేడినీళ్లలో కాసేపు నానుతూ, ఆర్ట్ మ్యూజియంలో ఓ నలుగురు కొత్త సభ్యులను చేర్పించడం. ఆమె మ్యూజియం సలహా సంఘంలో ఉంది. పట్టుగుడ్డ మీద గీసిన పాతకాలపు పిల్లల కోడి బొమ్మను కొనాలని సంఘం తీర్మానించింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు అధ్యక్షుడు నామ్ దొక్పిల్. మ్యూజియం ఎదుటే ఆయన కోడిపులుసు హోటల్ ఉంది. బొమ్మ చూసి బయటికొచ్చినవాళ్లకు ఆకలెయ్యకపోతుందా అని ఆయన ఆశ. అయితే సభ్యులు పెరిగితేనే డబ్బిస్తామని మున్సిపాలిటీ తేల్చేసింది.

ఆవిరిలో వీపు రుద్దించుకుంటున్న స్నేహితురాలు మాల్సున్ చెవిలో బున్రే ఊదింది. "చోబోక్ నాడు మ్యూజియంకి కోడి వస్తోందే. ముందు సభ్యులకే!"

మండుటెండల్లో వచ్చే చోబోక్ నాడు ఆ ఊళ్లో కోడిపులుసు తాగని ఇల్లుండదు. బున్రే మాట స్నానశాల గుమ్మం దాటేసరికి సభ్యులకు కోడి ఇస్తారని మారింది. కూరగాయల బజారు చేరేసరికి ఇంటికి రెండైంది.

సాయంత్రం మాల్సున్ ఫోన్ చేసింది. "అక్కా, కోడిని కోసి ఇస్తారా, ప్రాణంతో ఇస్తారా? మా ఆయన రక్తం చూస్తే పడిపోతాడు."

తన మాట ఏమైందో బున్రేకి అప్పుడర్థమైంది. విడమరిచి చెప్పబోయేలోగా "మా ఆడపడుచునీ చేర్పించాలే" అని మాల్సున్ ఫోన్ పెట్టేసింది. వెంటనే మ్యూజియం డైరెక్టర్ ప్యో ఫోను. "బున్రేగారూ, సభ్యత్వానికి జనం వరస కట్టారండీ! మనూళ్లో కళంటే ఇంత పిచ్చి ఉందని నాకు తెలీదు. డబ్బొచ్చేసింది, బొమ్మ కొనేశాం!"

ఆయన ఆనందం ఫోనులోనే పొంగిపోతోంది. దాని మీద నీళ్లు చల్లడానికి ఆమెకు నోరు రాలేదు. మర్నాడు చెబుదామని మ్యూజియంకి వెళితే దొక్పిల్ ఎదురొచ్చాడు. "ఈ జనమంతా మన హోటల్‌కే కదమ్మా! మామూలుకి రెట్టింపు కోళ్లు తెమ్మని చెప్పాను."

"మంచిపని చేశారండీ," అనేసింది బున్రే.

చోబోక్ ఉదయం మ్యూజియం ముందు జనం గిన్నెలతో, బుట్టలతో నిలబడ్డారు. "బొమ్మ చూడ్డానికి గిన్నెలెందుకండీ?" అన్నాడు డైరెక్టర్. బున్రే మెట్టెక్కింది.

"తప్పంతా నాదే. కోడి ఉంది. గోడ మీద ఉంది."

"గోడ మీద ఏం చేస్తోంది?" అని అరిచింది మాల్సున్.

"అది బొమ్మే. లోపలికొచ్చి చూడండి. చూశాకే తిట్టండి."

తిట్టడానికే వెళ్లారు. బొమ్మలో కోడి తేనెటీగను ముక్కున కరచుకుని, మింగకుండా నిలబడి ఉంది. పిల్లలు మెడలు సాచి ఎదురు చూస్తున్నాయి. ముందున్నవాళ్లు గిన్నెలు దించి దగ్గరికి జరిగారు.

"తను మింగకుండా పట్టుకుందే, పిచ్చిముండ," అంది మాల్సున్. "మా అమ్మా ఇంతే. చేప ముక్కలన్నీ మాకు పెట్టేసి, తనకు తలకాయంటేనే ఇష్టమనేది." ఎవరో ముక్కు చీదారు. మాల్సున్ గిన్నె చంకన పెట్టుకుంది. "ఇవాళ నా గొంతులో కోడి దిగదు బాబూ. పదండి, చల్లటి నూడుల్స్ తిందాం."

ఊరంతా ఆమె వెనకే నడిచింది. సభ్యత్వం వెనక్కిమ్మని ఒక్కరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం దొక్పిల్ హోటల్లో బున్రే ఒక్కతే కూర్చుని, అపరాధభావంతో రెండు గిన్నెల పులుసు తాగింది.

తర్వాతి సమావేశంలో అధ్యక్షుడు లేచి, ఈసారి కొండల బొమ్మ కొందామన్నాడు. అందులో కూరకు పనికొచ్చేదేదీ కనపడకూడదన్న షరతుతో సహా సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.