మెనిక్ కోసం టెంటు

గురువారం పొద్దున్న వగిమాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మసీదుకు వెళ్ళి పిల్లి కనిపించడం లేదని మైకులో చెప్పించాలి, తిరిగొచ్చి చేప వేయించి ఆ వాసనకు వస్తుందేమో చూడాలి. అప్పటికి మూడు రోజులుగా ఎండుచేప ముక్క చేత్తో పట్టుకుని పేటలో సందుసందూ తిరిగాడు. మెనిక్ తప్ప మిగతా పిల్లులన్నీ ఆయన వెంటపడ్డాయి.

మెనిక్ ఆయన భార్య తుమినా పెంచిన పిల్లి. ఆ పేరు ఇంటి బయట ఎవరికీ తెలీదు, పేటకు అది వట్టి పిల్లే. కరోనా రోజుల్లో తుమినాను అంబులెన్సులో తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి తేలేదు. తల నుంచి కాలి దాకా తెల్ల దుస్తులు తొడుక్కున్న ఆరుగురు ఆమెను పూడ్చిపెట్టి వెళ్ళిపోయారు. వగిమాన్ దూరంగా రోడ్డు మీద నిలబడి చూశాడు. అప్పుడాయనకు ఏడుపు రాలేదు, తర్వాతా రాలేదు. ఆనాటి నుంచి సాయంత్రమయ్యేసరికి పిల్లి గేటు దగ్గర కూర్చుని సందు చివరికేసి చూసేది. ఆయనా పక్కన స్టూలు వేసుకునేవాడు. ఎవరికోసమో ఇద్దరికీ తెలుసు.

సోమవారం ఆ పిల్లి తుమినా కట్టుకునే పాత బాతిక్ అద్దకం గుడ్డను గోళ్ళతో చీరేసింది. వగిమాన్‌కు ఒళ్ళు మండి చెప్పు విసిరాడు. అప్పుడు వెళ్ళింది వెళ్ళడమే. అది రాకపోతే ఆ గేటు దగ్గర ఒక్కడే కూర్చోవడం తన వల్ల కాదని ఆయనకు బెంగ పట్టుకుంది.

మసీదు చూసుకునే సోలిఖిన్ సాధువు లాంటి మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ మైకులో ఆయన చెప్పిన కబుర్లలో ముప్పాతిక చావు కబుర్లే. వగిమాన్ రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని మైకు నొక్కగానే నోరు అలవాటైన దారిన పోయింది. "ఇన్నా లిల్లాహి" అంటూ ఎవరైనా పోయినప్పుడు చదివే వాక్యం చక్కగా చదివేసి, వగిమాన్ గారింటి నుంచి అని మొదలుపెట్టి, మూడు రంగుల పిల్లి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. తను చేసిందేమిటో ఆయనకే తెలియలేదు.

పేటలో మాత్రం ఆ మొదటి వాక్యమూ, ఎవరింటి నుంచో ఆ మాటా విన్నాక ఆపైన వినే అలవాటు ఎవరికీ లేదు. అంతలోనే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి చావింటికి ఇవ్వాల్సిన బియ్యం కొలుచుకుంటారు. పైగా వగిమాన్ ఒంటరివాడు, పోయిందెవరని అడగాల్సిన పనే లేదు. ఆ వగిమాన్ వంటింట్లో చేప వేయిస్తున్నాడు. నూనె చిటపటల్లో మైకు ఆయన చెవిన పడలేదు.

అందరికంటే ముందు పక్కింటి లస్త్రి బియ్యం బేసిను చంకన పెట్టుకుని వచ్చింది. చచ్చిపోయాడనుకున్న మనిషి వచ్చి గేటు తీసేసరికి బేసిను జారినంత పనైంది. ఈయన కాకపోతే ఇంట్లో ఇంకెవరో అయ్యుంటారని తమాయించుకుని ఆయన చేయి పట్టుకుంది. పేటలో పెద్దవయసు మగవాళ్ళను పాక్ అంటారు, వగిమాన్ అందరికీ పాక్ మాన్.

"ధైర్యం తెచ్చుకోండి పాక్ మాన్. మేమంతా లేమూ?"

పిల్లి కోసం ఇంత ఆదరణా అని వగిమాన్ కరిగిపోయాడు. "తుమినా పోయాక నాకు మిగిలింది అదొక్కతేనమ్మా" అన్నాడు. చుట్టాల పిల్లనెవరినో ఈమధ్య తెచ్చి పెంచుకుంటున్నాడు కాబోలని లస్త్రి అనుకుంది. ఆమె అనుకున్నది కాసేపట్లో వాకిట్లో చేరిన నలభై మందికీ పాకింది.

పేట పెద్ద బసుకి చావులు రాసే రిజిస్టరు తెచ్చాడు. పేరు మెనిక్ అని రాసుకుని వయసు అడిగాడు. తొమ్మిది నిండాయని వగిమాన్ చెప్పగానే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డుపెట్టుకున్నారు. జబ్బేమిటని అడిగాడు.

"జబ్బేం లేదు పాక్. సోమవారం నేనే కోపమొచ్చి చెప్పు విసిరాను."

బసుకి కలం ఆగిపోయింది.

"తగల్లేదు లెండి" అన్నాడు వగిమాన్.

బసుకి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఇవేవీ పట్టని గోతులు తవ్వే పైమాన్ వెదురుబద్ద పట్టుకుని ముందుకొచ్చి, పొడుగెంత ఉంటుందో చెబితే పని మొదలుపెడతానన్నాడు. వెతకడానికి కొలతలు కూడా కావాలా అని వగిమాన్ కాసేపు ఆలోచించాడు.

"రెండు జానలు. తోక కాకుండా."

అసలు సంగతి బయటపడటానికి ఆ తోక చాలు. అంతలో సోలిఖిన్ పరుగున వచ్చి, తప్పు తన నోటిదని అందరి ముందూ చెంపలేసుకున్నాడు. బసుకి రిజిస్టరు టపీమని మూశాడు. పని మానుకుని వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ లేచారు. నలభై మందిని పిల్లి కోసం ఏడిపించినందుకు వగిమాన్ తలెత్తలేకపోయాడు.

లస్త్రి మాత్రం చాప మీంచి కదల్లేదు.

"తుమినా పోయిన రోజు కూడా ఈ బేసిన్లోనే బియ్యం కొలిచాను. కరోనా అని మీ గుమ్మం తొక్కనివ్వలేదు. మొదటిసారంటే వెనక్కి పట్టుకెళ్ళాను. మళ్ళీ ఇంకోసారి మోసుకెళ్ళలేను పాక్ మాన్."

లేచినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ కూర్చున్నారు. సోలిఖిన్ తుమినా పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా రాని ఏడుపు వగిమాన్‌కు అప్పుడొచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పైమాన్ వెదురుబద్ద పక్కన పెట్టి ఆయన వీపు నిమిరాడు.

ఎండ నెత్తికెక్కింది. ఎలాగూ కూర్చున్నాం, టెంటు వేసుకుందామని బసుకి తాళంచెవి పైమాన్ చేతికిచ్చాడు. టెంటూ కుర్చీలూ శ్మశానం వెనక రేకుల షెడ్డులో ఉంటాయి. పేటలో చావుకో, ఆ తర్వాతి ప్రార్థనలకో తప్ప దాన్ని ఎవరూ తెరవరు. ఎవరిదో నలభయ్యో రోజు ప్రార్థన ముగిసి కుర్చీలు లోపల సర్ది తాళం వేసింది సోమవారం సాయంత్రమే. పైమాన్ తలుపు లాగి టెంటు గుడ్డ విప్పాడు. మడతల్లోంచి సన్నగా మూలుగు వినిపించింది.

ఎముకల గూడులా ఉన్న మెనిక్‌ను పైమాన్ లుంగీలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెడితే, వగిమాన్ దాని చెవిలో తప్పైపోయిందని చెప్పి మళ్ళీ బావురుమన్నాడు. లస్త్రి వంటింట్లోంచి నీళ్ళూ, చల్లారిన చేపా తెచ్చి ముందు పెట్టింది. ఆయనను చూసి వాకిలంతా ఏడ్చింది. మెనిక్‌కు మాత్రం తినడంతోనే సరిపోయింది.