షేర్గాజీ వీపు మీద దొరికిన సాక్ష్యం

2019 ఏప్రిల్ పదిహేడు, బుధవారం. ఆ మధ్యాహ్నం గుమ్మడికాయ ఒరోమో తిన్నాం. పలచగా ఒత్తిన పిండి మీద కూర పరిచి, చాపలా చుట్టి, ఆవిరి మీద ఉడికించాలి. నా భార్య పోయాక అది నా చేతిలో విరక్కుండా రావడం అదే మొదటిసారి. ఆ సంతోషం నేను పైకి చెప్పేలోపే షేర్గాజీ మూడో ముక్క మింగి, చేతులు తుడుచుకుని ఒక ప్రకటన చేశాడు.

"కుబాత్, మన కోచ్కోర్ ఊళ్లో నేరాలు తక్కువేం కాదురా. వాటిని కనిపెట్టే బుర్రే ఒక్కటుంది. అది ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని భోంచేస్తోంది."

షేర్గాజీ నా చిన్ననాటి స్నేహితుడు. ముప్పై ఏళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరయ్యాడు. కవరు తడిమి, లోపల ఉన్నది పెళ్లికబురో చావుకబురో చెప్పగలనని అతని నమ్మకం. రిటైరైన మర్నాడే ఒక నల్లకోటు తగిలించుకుని అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. అప్పటికి ఛేదించిన కేసులు రెండు. ఒకటి, తప్పిపోయిన గొర్రె. సాయంత్రానికి అదే ఇంటికొచ్చింది. రెండోది అతని కళ్లజోడు. దాన్ని వాళ్లావిడ కనిపెట్టింది.

ఈసారి కేసు మా ఇంట్లోదే. నా కూతురు మీరిమ్, ఒకటో తరగతి నుంచి దానితో చదివిన తాలయ్, ఇద్దరూ కలిసి పాత సంగీత పాఠశాలలో ఒక గది తీసుకున్నారు. వెబ్‌సైట్లు చేస్తారట. మొదటి పని పక్క గదిలోనే దొరికింది. అక్కడ షిర్దక్‌లు, అంటే ఉన్ని తివాచీలు, కుట్టే ఆడవాళ్ల సంఘం ఉంది. సరుకు అమ్ముకోవడానికి ఒక సైటు చేసిపెట్టమన్నారు. దేనితో చేస్తారో, ఎప్పటికిస్తారో శుక్రవారంలోగా చెప్పాలి. లేదంటే రాజధానిలో ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు.

'దేనితో' అన్న దగ్గరే బండి దిగబడింది. మీరిమ్ పైథాన్ అంటుంది. తాలయ్ జావాస్క్రిప్ట్ అంటాడు, అందులోనూ ఆ ఏడాదే బయటికొచ్చిన ఏదో కొత్త సరంజామాతో. నడవాలో ఒక పాత నల్లబల్ల ఉంది. దాని మధ్యలో నిలువుగీత గీసి, చెరో పక్కా చెరో భాష పేరు రాశారు. ఇద్దరూ ఒప్పుకున్న ప్రతి గుణానికీ ఆ పక్క ఒక సున్నా. సన్నటి నెట్‌లోనూ ఫొటోలు తెరుచుకుంటాయా, ఒక సున్నా. చిక్కొస్తే అడగడానికి నలుగురు దొరుకుతారా, ఇంకో సున్నా.

సోమవారం సాయంత్రానికి పైథాన్‌కి ఏడు, జావాస్క్రిప్ట్‌కి నాలుగు. మంగళవారం పొద్దున చూస్తే ఏడూ ఏడూ. ఆ రోజంతా వాదించుకుంటే తాలయ్ పక్క తొమ్మిదికి చేరింది. బుధవారం పొద్దున తొమ్మిదీ తొమ్మిదీ. నువ్వు దిద్దావంటే నువ్వు దిద్దావనుకుని, మధ్యాహ్నానికి మాటలు మానేశారు. మీరిమ్ ఇంటికొచ్చి ఒరోమో ముట్టుకోలేదు.

"శుక్రవారం దాకా ఎందుకులే నాన్నా. దొంగసున్నాలు చుట్టేవాడితో కలిసి పనేం చేస్తాను? గది ఖాళీ చేసేస్తా" అంది.

అందుకే షేర్గాజీ ప్రకటనకి నేను అడ్డుపడలేదు. మునిగేవాడికి గడ్డిపోచ.

ఆ సాయంత్రమే నడవాలో దర్యాప్తు మొదలైంది. పైథాన్ పేరు వినగానే షేర్గాజీ ఒకడుగు వెనక్కి వేసి, దాన్ని ఏ గదిలో కట్టేశారని అడిగాడు. తర్వాత తపాలా ఫారం వెనక అనుమానితుల జాబితా రాశాడు. ఒకటి తాలయ్, లాభం ఉంది కనుక. రెండు మీరిమ్, అమాయకంగా కనిపిస్తోంది కనుక. మూడు రాజధాని మనిషి. అతనెవరో తెలియదు కనుక అందరికన్నా ప్రమాదకరం.

బురుల్ అవ్వ సంగతేమిటని అడిగాను. తివాచీల మీద సుద్దతో నమూనాలు గీసేది ఆవిడే. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి పొయ్యి వెలిగించేదీ ఆవిడే. షేర్గాజీ జాలిగా నవ్వాడు.

"ఆవిడ చేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుందిరా. అసలు నేరస్థుడు ఆధారం చేత్తో పట్టుకుని తిరుగుతాడా? పైగా ఆ ఇంగ్లిషు అక్షరాలు ఆవిడకి ఒక్కటీ రావు."

వేలిముద్రల కోసం పిండి కావాలన్నాడు. తినే పిండి నేలపాలు చేయడం మా ఇంటావంటా లేదని కసిరాను. పళ్లపొడి ఊదాడు. బల్ల మీద తేలిన ముద్రలన్నీ అతనివే. తనని ఇరికించడానికి ఎవరో పెద్ద పన్నాగమే పన్నారని ఫారం మీద రాసుకున్నాడు. ఈలోగా పొడికి సున్నాలన్నీ అలుక్కుపోయాయి. తుడిచి మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు. ఆ వంకనైనా పిల్లలిద్దరూ ఒక పావుగంట మాట్లాడుకున్నారు. అదే పదివేలు అనుకున్నాను. ఈసారి పైథాన్‌కి ఆరు, జావాస్క్రిప్ట్‌కి మూడు. ఇది తేలే లెక్క కాదని తాలయ్ విసురుగా వెళ్లిపోయాడు.

గురువారం తెల్లవారుతుండగా కాపు కాశాం. దారంతా మంచుజల్లు. షేర్గాజీ తడికోటుతోనే నల్లబల్ల కింద ఉన్న బెంచీ మీద కూర్చుని, వెనక్కి చేరగిలబడ్డాడు. కళ్లు మూసుకుంటే చెవులు పదునెక్కుతాయని చెప్పి కళ్లు మూశాడు. గుర్రు మొదలైంది. కాసేపటికి బురుల్ అవ్వ వచ్చింది. బల్లకి ఆనుకుని నిద్రపోతున్న మనిషిని చూసి, లేపకుండా పక్కనుంచి వెళ్లి పొయ్యి వెలిగించి, నన్ను సంఘం గదిలోకి టీకి పిలిచింది. నా గిన్నెలో సగానికే పోసింది. మా వైపు నిండుగా పోస్తే ఇక వెళ్లిరమ్మన్నట్టు. ఆవిడ నన్ను కూర్చోమంటోంది.

ఎనిమిదిన్నరకి చలి పుట్టి షేర్గాజీ లోపలికొచ్చాడు. మాకు వీపు పెట్టి, పొయ్యి ముందు చేతులు చాపుకుని నిలబడ్డాడు. ఆ నల్లకోటు మీద బల్ల మొత్తం అచ్చుపడింది. నడివీపున నిలువుగీత, ఒక పక్క ఆరు సున్నాలు, ఇంకో పక్క మూడు.

బురుల్ అవ్వ చూసింది. నచ్చనట్టు నాలుక చప్పరించింది. గిన్నె కింద పెట్టి లేచి, జేబులోంచి సుద్ద తీసి, తక్కువైన పక్క మూడు సున్నాలు పొందిగ్గా చుట్టింది. షేర్గాజీ వెనక్కి తిరగలేదు. కోటు దులుపుతోందనుకుని, "పర్వాలేదులే అవ్వా, నా విలువ నీకైనా తెలిసింది" అన్నాడు.

నేను గిన్నె పక్కన పెట్టి అడిగాను. "ఎందుకవ్వా అలా చేశావు?"

"ఒక పక్క ఆరు కొమ్ములు, ఒక పక్క మూడు. అలా ఎవరైనా వదిలేస్తారా నాయనా? ఆ బల్ల మీదా అదే వరస. ఎవరో కుర్రకుంకలు రోజూ వంకరగా గీసిపోతున్నారు. పొద్దున్నే నేను సరిచేస్తున్నా."

రెండు రంగుల ఉన్ని ఒకదాని మీద ఒకటి పరిచి, మా ఆడవాళ్లు ఒకే కోతలో కోస్తారు. దీని ముక్క దాని ఖాళీలో, దాని ముక్క దీని ఖాళీలో కూర్చోవాలి. గుండ్రంగా చుట్టుకున్న పొట్టేలు కొమ్మే ఆ నమూనా, ఒక్క కొమ్ము తగ్గినా తివాచీ వంకర. యాభై ఏళ్లు అదే గీసిన చెయ్యి మరి.

గుమ్మంలో అలికిడైతే చూశాను. మీరిమ్, తాలయ్ వేర్వేరుగా వచ్చి ఒకేచోట ఆగిపోయారు. అంతా విన్నట్టున్నారు.

"నువ్వే చేశావనుకున్నా" అన్నాడు తాలయ్.

"నేనూ అంతే" అంది మీరిమ్. ఇద్దరూ షేర్గాజీ వీపు వంకే చూస్తున్నారు.

షేర్గాజీకి సంగతి తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది. కోటు విప్పి చూసుకున్నాడు. మరుక్షణం గొంతు సవరించుకున్నాడు. "వీపు నేను పెట్టిన ఎర. మిగతాది శాస్త్రం."

తగువేమిటని అవ్వ అడిగితే పిల్లలు పోటీపడి చెప్పారు. ఆవిడకి సగం అర్థమై ఉండదు. చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"నా షిర్దక్ చిరిగితే నేనే కుడతా. మీరు చేసేది చిరిగితే కుట్టేదెవరు?"

ఆ గుణానికి ఇద్దరిలో ఎవరూ అప్పటిదాకా సున్నా చుట్టలేదు. తాలయ్ నేల చూశాడు. మే నడిమికల్లా అతను అమ్మానాన్నలతో, గొర్రెలతో, గుర్రాలతో పచ్చిక కొండలకి వెళ్లిపోతాడు. మళ్లీ సెప్టెంబరుకే దిగుతాడు. అక్కడ ఫోను మోగదు. తివాచీలు కొనేవాళ్లు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే.

"వేసవంతా నువ్వే కుట్టాలి మీరిమ్" అన్నాడు. "నిద్రలో లేపినా నీకొచ్చేదే పెట్టు."

"మరి నీ కొత్తది?"

"తివాచీలు కనిపించే పైపేజీ ఒక్కటీ వెళ్లేలోపు దాంతో చేసిస్తా. అది చిరగదు."

"చిరిగితే?"

"గుర్రమెక్కి వస్తా."

అవ్వ పోసిన టీలో సగం మీరిమ్ అతనికి వంచింది. ఆ రాత్రి ఇంట్లో, చల్లారిన ఒరోమో రెండు ముక్కలు అడక్కుండానే తినేసింది.

శుక్రవారం సంఘం వాళ్లు సరేనన్నారు. షేర్గాజీ కోటు మాత్రం ఇప్పటికీ దులపలేదు. వాళ్లింటి గోడకి వీపు బయటికి పెట్టి మేకుకి తగిలించాడు. వచ్చినవాళ్లకి పన్నెండు సున్నాలూ లెక్కపెట్టి చూపిస్తాడు.

ఆ శుక్రవారం సాయంత్రం మీరిమ్‌ని తీసుకెళ్లడానికి నేను నడవాలోకి వచ్చేసరికి, బల్ల మీద చేయాల్సిన పనుల జాబితా ఉంది. పనికో సున్నా లెక్కన మీరిమ్ పక్క పదకొండు సున్నాలు. తాలయ్ పక్క ఒక్కటి. బురుల్ అవ్వ ఇంటికి బయల్దేరబోతూ దాని ముందు ఆగిపోయింది. చెయ్యి జేబులోకి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది. మళ్లీ ఖాళీగానే బయటికొచ్చింది.

"చూడలేకపోతున్నా నాయనా" అంది నాతో మెల్లగా.

దీపం ఆర్పి, సుద్దపొడి రాలకుండా, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది.