చెల్లెలి కుడిపక్క చోటు

పొద్దున్నే షాపు తెరిచి, అద్దాలు తుడిచి, రిపేరుకొచ్చిన కళ్ళజోళ్ళకు స్క్రూలు బిగించాలన్నది కళ్ళజోళ్ళాయన ఆలోచన. అంతలో భార్య ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మీ చెల్లెలండీ. తన పెళ్ళి జరిగే రోజు సాయంత్రం అందరూ వరసగా నిలబడి లైన్ డాన్స్ చేస్తారట. మీకు తన కుడిపక్క చోటు ఉంచిందట. మీరు రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుందంది."

ఆయన చేతిలోని స్క్రూ జారి పడింది. నలభై అయిదేళ్ళ వయసులో చెల్లెలు పెళ్ళి చేసుకుంటానంటే "నలుగురూ నవ్వుతారే" అని తీసిపారేసింది ఆయనే. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు.

"వెళ్తాను. కానీ నాకు డాన్సేం వచ్చు?"

"ఫోన్‌లో దొరకనిదేముంది? వెతకండి," అని ఆమె తన ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

వెతికాడు. మొదటి వీడియోలో ఎవరి కాలు ఎటు పోయిందో తెలిసేలోపే పాట అయిపోయింది. రెండోదానిలో ఒకాయన ఆ నృత్యం పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ కుర్చీలోంచి లేవనేలేదు. చివరికి 'మోకాళ్ళ నొప్పులవారికి' అనే పాఠం కనిపించింది. తల నెరిసిన పంతులమ్మ ఎదురుగా నిలబడి నిదానంగా అడుగులు వేస్తోంది. బయటికి వినబడితే పరువు పోతుందని సౌండు తీసేసి, ఆమె ఎటు కదిలితే అటే కదిలాడు.

గాజు తలుపులోంచి చూసిన ఎదురు మందుల షాపాయన పరుగెత్తుకొచ్చాడు.

"కాళ్ళు లాగేస్తున్నాయా? కూర్చోండి, కూర్చోండి!" అని బలవంతాన కూర్చోబెట్టి, మాత్ర మింగించి, ఆయన బావగారికి ఫోన్ చేశాడు. బావ అక్కకు చెప్పాడు, అక్క బాబాయికి చెప్పింది. సాయంత్రానికి కాళ్ళు లాగడం కాస్తా పక్షవాతమై, బంధువులంతా షాపులో దిగారు.

"నాకేం కాలేదు. డాన్సు నేర్చుకుంటున్నా," అన్నాడాయన తలవంచుకుని.

ఎవరూ నవ్వలేదు. "అయితే మాకూ నేర్పరా," అన్నాడు బాబాయి. "ఆ వరసల్లో మేమూ నిలబడాలిగా."

రోజూ షాపు మూశాక ఆడపెళ్ళివారంతా ఆయన వెనక నిలబడి భక్తిగా నేర్చుకున్నారు.

పెళ్ళి సాయంత్రం వధువుకు ఎడమవైపు మగపెళ్ళివారు, కుడివైపు అన్నయ్య, ఆయనవైపు బంధువులు వరసలు తీరారు. చెల్లెలు ఆయన వంక చూడలేదు. పాట మొదలైంది. ఆమె, మగపెళ్ళివారు కుడికి తిరిగారు. ఆడపెళ్ళివారు ఒక్కుమ్మడిగా ఎడమకు తిరిగారు. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి, చూసేవారికి ఎడమవైపు అవుతుందని పంతులమ్మ పాపం ప్రతి అడుగుకీ చెబుతూనే ఉంది. సౌండు తీసేసిన మనిషికి ఏం తెలుస్తుంది? రెండు కుటుంబాలూ యుద్ధానికి మోహరించినట్టు ఎదురెదురుగా నిలిచి, మరుసటి అడుగు ముందుకే వేశాయి. రెండో వరసలో అక్క నుదురూ పెళ్ళికొడుకు తల్లి నుదురూ ఠంగుమన్నాయి.

మొదటి వరసలో అన్నాచెల్లెళ్ళు ముఖాముఖి ఆగిపోయారు.

"అటు తిరగాలి అన్నయ్యా," అంది ఆమె గుసగుసగా.

"నాకు ఇటే వచ్చమ్మా," అన్నాడాయన. "చాలా కష్టపడి నేర్చుకున్నా."

ఆమె ఒక్క క్షణం ఆయన్నే చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఇటే పోదాం," అని వెనక్కి తిరిగింది.

పెళ్ళికొడుకు భార్యను చూసి తనూ తిరిగాడు. అతన్ని చూసి మగపెళ్ళివారందరూ తిరిగారు.

నుదుళ్ళు బొప్పికట్టిన ఇద్దరూ మాత్రం పాట అయ్యేదాకా ఎటూ తిరగలేదు.