ఫోన్ ఎత్తనివాడు కోలుకున్నట్టే

మత్తుమందు మోతాదు మించి ఎమర్జెన్సీలో చేరినవారెవరూ మళ్లీ అదే కారణంతో తిరిగి రావడం లేదని ఎల్క్‌ఫోర్డ్ కౌంటీ ఆసుపత్రి బుధవారం ఉదయం పదకొండు గంటలకు సగర్వంగా ప్రకటించింది. ప్రకటన మూడో అంతస్తులో జరిగింది. సరిగ్గా అదే సమయానికి కింది అంతస్తులోకి రోడ్నీ టాకెట్‌ను నాలుగోసారి స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. లిఫ్టు చెడిపోయి ఉండడం వల్ల ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

నర్సు ఒపల్ స్టిల్ట్‌నర్ అతని ముక్కులో విరుగుడు మందు కొట్టి, గుండె మీద పిడికిలితో రుద్దింది. నీలం తిరిగిన పెదాలు మెల్లగా రంగు తేలాయి. రోడ్నీ కళ్లు తెరిచాడు.

"మళ్లీ నువ్వేనా అక్కా?"

"ఆ మాట నేననాలిరా సన్నాసీ. ఆదివారం చర్చిలో మీ అమ్మ నా పక్కనే కూర్చుంటుంది. ఆమె మొహం చూడాల్సింది నేను, నువ్వు కాదు."

రోడ్నీ పైకప్పు వంక చూశాడు. తను పనిచేసే బొగ్గు గని మూతపడ్డాక అతనికి చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. "లారెల్ హౌస్‌లో మంచం ఇప్పించక్కా," అన్నాడు. "ఈసారి నిజంగా మానేస్తా. ఇంటికి పంపితే మళ్లీ ఇక్కడికే వస్తా. ఆ పై సారి ఇక్కడికి కూడా రాను."

ఒపల్ పాతికేళ్ల సర్వీసులో ఆ చివరి మాట అన్నవాళ్లను చాలామందినే చూసింది. అన్న మాట తప్పినవాళ్లు వారిలో తక్కువ.

లారెల్ హౌస్ ఆసుపత్రి వెనక గుట్ట మీద ఉంది. మత్తు మాన్పించే చోటు అది. పన్నెండు మంచాలు, పన్నెండు దుప్పట్లు, ప్రతి సోమవారం ఉతికి ఆరేసే పన్నెండు దిండు గలేబులు. మనుషులు మాత్రం లేరు. ఎందుకు లేరో చెప్పాలంటే డైరెక్టర్ డాక్టర్ విట్‌లాక్ గారి మేధస్సును కొంత వర్ణించక తప్పదు.

రోగులు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నారో తేల్చడానికి ఆయన రెండేళ్ల కిందట పునరాగమన ప్రమాద కారకాల సంఘం స్థాపించారు. అరవై నాలుగు ప్రశ్నలు తయారయ్యాయి. ఒంటరిగా ఉంటారా, పని పోయిందా, నడుం నొప్పి మాత్రలతో మొదలైందా అనేవి అందులో కొన్ని. బూట్ల సైజు, కుక్క మొరిగే వేళలు, బిస్కెట్లనే మెత్తటి రొట్టెల మీద గ్రేవీ పోసుకుంటారా ముంచుకుంటారా అనేవి మిగిలినవి. ఇంటికి పంపిన ముప్పయ్యో రోజున రోగికి ఫోన్ చేసి ఇవన్నీ అడగాలి. ఏడు మార్కులు దాటితే మంచం. ఫోన్ ఎత్తకపోతే మాత్రం కోలుకున్నట్టు. "జబ్బుపడ్డవాడికి బోలెడు తీరిక. ఫోన్ ఎత్తే తీరిక లేదంటే అతను జీవితంలో పడ్డాడన్నమాట," అని డైరెక్టర్ గారు సిద్ధాంతీకరించారు. ఇప్పటిదాకా రెండువందల తొంభై తొమ్మిది మంది జీవితంలో పడ్డారు. ఫోన్ ఎత్తినవారు ముగ్గురు. అందులో ఇద్దరు రాంగ్ నంబరన్నారు. మూడో ఆమెకు రోజూ నడవమని సలహా ఇచ్చారు.

పైగా వచ్చిన ప్రతిసారీ కొత్త ఫైలు, కొత్త నంబరు. కనుక తిరిగి వచ్చినవాడంటూ ఎవరూ ఉండే అవకాశమే లేదు. రికార్డుల ప్రకారం రోడ్నీ టాకెట్ నలుగురు మనుషులు. వారిలో ఇద్దరు ఇప్పటికే పూర్తి ఆరోగ్యంగా ఉన్నారు.

మూడో రోడ్నీని ఇంటికి పంపి ఆ బుధవారానికి సరిగ్గా ముప్పై రోజులు. స్ట్రెచర్‌కు తగిలించిన ప్లాస్టిక్ సంచిలో, కత్తిరించిన చొక్కా కింద, ఫోన్ మోగింది. ఒపల్ తీసి చెవిన పెట్టుకుంది. మూడో అంతస్తు నుంచి సంఘం గుమస్తా మేరీబెత్.

"టాకెట్ గారేనా అండీ?"

"నేను ఒపల్‌ని. నీ టాకెట్ ఇక్కడే, నా ముందే పడున్నాడు. ఒక్కసారి కిందికి దిగి చూడమ్మాయ్."

"అయ్యో ఒపల్ గారూ, మేం రోగుల్ని చూడకూడదండీ. చూస్తే పక్షపాతం వస్తుందట. ఆయన ఎత్తారా, మీరెత్తారా?"

"నేనే ఎత్తాను. వాడి చేతికి సెలైన్ ఉంది."

"అయితే ఎత్తినట్టు కాదండీ."

"ఇదిగో, వాడి చెవి దగ్గర పెడుతున్నా, అడుగు."

"ఒక ఫైలుకి ఒక్కసారేనండీ. రాసేశాను కూడా."

"ఏమని రాశావ్?"

"కోలుకున్నారని. మూడువందలవ వారు తెలుసా అండీ? నా తరఫున కూడా అభినందనలు చెప్పండి."

మూడువందలవ వాడికి శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి భోజనశాలలో సన్మానం ఏర్పాటైంది. అంతవరకూ అతను ప్రాణాలతో ఉండాలన్న అంశం కార్యక్రమ పత్రంలో లేదు. దాన్ని ఒపల్ సొంతంగా చేర్చుకుంది. రోడ్నీని తన ఇంటి సోఫాలో పడేసి, విరుగుడు మందు జేబులో పెట్టుకుని, మూడు రోజులు సెలవు పెట్టి కాపలా కాసింది. చెమటలు పట్టినప్పుడు తుడిచింది. తిట్టాల్సినప్పుడు తిట్టింది.

శనివారం ఊరంతా తలా ఒక గిన్నె వండి తెచ్చింది. బీన్స్, మొక్కజొన్న రొట్టె, నాలుగు రకాల బంగాళాదుంప సలాడ్. ఊరి పత్రిక తరఫున ఒకాయన కెమెరాతో వచ్చాడు. డైరెక్టర్ గారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా, వైద్యశాస్త్రం ఇంతకాలం రోగి వెంట పడింది. మనం రోగి నుంచి గౌరవప్రదమైన దూరం పాటించి విజయం సాధించాం. ఈ యువకుణ్ణి చూడండి. ఈ ముఖవర్చస్సు చూడండి."

రోడ్నీ ముఖవర్చస్సు గోడ సున్నంలా ఉంది. చేతులు వణుకుతున్నాయి. దాన్ని వినయమనుకుని కొందరు ముసలమ్మలు కళ్లు ఒత్తుకున్నారు.

"చెప్పు నాయనా," అన్నారు డైరెక్టర్ గారు, కెమెరా వైపు తిరిగి. "ఈ ఆసుపత్రి నీకు ఏం కానుక ఇవ్వమంటావు? ఏది అడిగినా ఇస్తాం. ఇది నా మాట."

ఆయన సిబ్బంది ఒక చేపల గాలం కొని, రిబ్బను కట్టి సిద్ధంగా ఉంచారు.

రోడ్నీ ఒపల్ వంక చూశాడు. "లారెల్ హౌస్‌లో ఒక మంచం ఇప్పించండి సార్," అన్నాడు.

కోలుకున్నవాడికి మంచం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. కోలుకోలేదని ఒప్పుకోవడం అంతకన్నా విరుద్ధం. కెమెరా క్లిక్‌మంది. డైరెక్టర్ గారు గొంతు సవరించుకుని, మహా విజయానికి గుర్తుగా టాకెట్ గారిని లారెల్ హౌస్‌కు మూడు నెలల గౌరవ అతిథిగా ఆహ్వానిస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. ఒపల్ మాత్రం సలాడ్ గిన్నె పక్కన నిలబడి బాహాటంగా ఏడ్చింది.

లారెల్ హౌస్‌లో చేరినవారి ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వేస్తారు. ముప్పయ్యో రోజున నాలుగో రోడ్నీ కోసం మేరీబెత్ ఫోన్ చేసింది. సొరుగులో మోగి మోగి ఆగింది. కోలుకున్నాడని రాసుకుంది. మొత్తం అధ్యయనంలో నిజమయ్యే దారిలో ఉన్న రాత అదొక్కటే. ఆ సమయానికి రోడ్నీ కిటికీ పక్కన కూర్చుని, బిస్కెట్‌ను గ్రేవీలో ముంచుకుని తింటున్నాడు.

మిగిలిన పదకొండు మంచాలూ ఖాళీగానే ఉన్నాయి. సోమవారం సోమవారం గలేబులు ఉతుకుతూనే ఉన్నారు. కింద ఎమర్జెన్సీలో, కొక్కేలకు వేలాడే ప్లాస్టిక్ సంచుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాఠకులకు ఎక్కడైనా అలాంటి మోత వినబడితే కంగారుపడి ఎత్తవద్దని మనవి. ఎత్తితే ఒక రోగి పెరుగుతాడు. ఇన్నాళ్లూ మనం ఎత్తకుండా ఉండబట్టే కదా, లోకం ఇంత ఆరోగ్యంగా ఉంది.